చాప మీద రెండు కాలాలు

నిజామాబాద్‌లో నేను పొద్దున్నే నడిచే మైదానం చివర ఒక సిమెంటు బల్ల ఉంది. నడక అయ్యాక కుర్రవాళ్ళు అక్కడ చేరి క్రికెట్ మాట్లాడుకుంటారు. అన్నిటికంటే వాళ్ళకు ఆల్‌రౌండర్ల తగువు ఇష్టం. ఆ రోజుల్లో కప్పు తెచ్చిన కెప్టెన్ గొప్పా, ఇప్పుడు ఐదు రోజుల ఆటా ఇరవై ఓవర్ల ఆటా రెండూ ఆడేస్తున్న ఎడమచేతివాడు గొప్పా? పక్క దేశపు పాత ఫాస్ట్ బౌలర్‌ను ఇందులోకి తేవచ్చా, తేకూడదా? ఫోన్లలో లెక్కలు తీసి ఒకరి ముఖం ముందు ఒకరు పెడతారు. నేను కనబడగానే ఎవడో ఒకడు పిలుస్తాడు.

"అంకుల్, మీరు రెండు జమానాలు సూసిండ్రు. మీరే చెప్పాలె."

నేను మోకాలు పట్టుకుని అక్కడి నుంచి తప్పుకుంటాను. మోకాలి నొప్పి అబద్ధం కాదు. ఆ ప్రశ్న విన్నప్పుడు మాత్రం కొంచెం పెరుగుతుంది. ఎందుకంటే ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఈ ప్రశ్నకు నేను పెద్దమనిషి హోదాలో జవాబు చెప్పాను. ఆ జవాబు మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉండింది. బల్ల దగ్గర నిలబడి చెప్పలేని సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను చెరకు ఇన్‌స్పెక్టర్‌ని. ఏ రైతు తోట ముందు కొట్టాలో, ఏది ఇంకా ఆగాలో చెప్పడం నా పని. చెరకు గడకు మొదలు దగ్గర తీపి ఎక్కువ, కొసన తక్కువ. రెండు చోట్లా ఒక్కో రసం చుక్క తీసి, చిన్న మీటరు అద్దం మీద వేసి, వెలుతురుకు ఎత్తి చూస్తే అంకె కనిపిస్తుంది. మొదలూ కొసా దగ్గర దగ్గరగా వచ్చాయంటే తోట పండిందని అర్థం. విద్య అంతే. కానీ రెంజల్ నుంచి మోస్రా దాకా మోటారు సైకిల్ మీద తిరుగుతూ, నేను మీటరు కంటికి ఆనించినప్పుడల్లా చుట్టూ రైతులు ఊపిరి బిగబట్టి నిలబడుతుంటే మనిషికి కొంత పొగరు వస్తుంది. నాకు కొంత కంటే ఎక్కువే వచ్చింది. కంటికి ఆనించగలిగితే దేన్నయినా కొలవగలననే నమ్మకం కుదిరింది.

క్రికెట్‌కు కూడా ఆ మీటరే పెట్టాను. ఆల్‌రౌండర్ అంటే మొదలూ కొసా సమానంగా పండిన గడ అని నా సిద్ధాంతం. బ్యాటింగ్ మొదలు, బౌలింగ్ కొస. ఈ కొలతతో ఏ కాలపు ఆటగాణ్ణయినా ఏ కాలపు ఆటగాడితోనైనా పోల్చవచ్చని టీ వేళల్లో ఉపన్యసించేవాణ్ణి. మా ల్యాబులో రసం పరీక్షలు చేసే కెమిస్టు నాకు స్నేహితుడు. అతను చివరిదాకా విని, గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగేవాడు.

"మరి ఫీల్డింగ్ యాడ వస్తదన్నా? ఆకులల్లనా?"

మా ఫ్యాక్టరీకి సొంతంగా ఒక మహా ఆల్‌రౌండర్ ఉండేవాడు. మిల్లు హౌస్‌లో ఫిట్టర్. ఆయన ఆట చూసి ఆ కాలపు మేనేజర్ ఒకడు ఆయన్ను పర్మినెంట్ చేశాడని చెప్పుకునేవారు. ఆ కాలంలో మా గ్రౌండ్‌లో పిచ్ అంటే గట్టి నేల మీద కొబ్బరి పీచు చాప పరిచి చుట్టూ మేకులు కొట్టడమే. ఆ చాప మీద పడిన ఆయన బంతి కొడవలిలా లోపలికి తిరిగేది. నిజామాబాద్ టౌన్ జట్టు వచ్చిన మ్యాచ్‌లో సగానికి పైగా వికెట్లు ఆయనే తీశాడు, సగానికి పైగా పరుగులూ ఆయనే కొట్టాడు. ఆ మ్యాచ్‌ను నేను చెప్పినన్ని సార్లు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినప్పుడల్లా ఆయన సిక్సర్ ఇంకొంచెం దూరం పోయేది. మొదట్లో కాంపౌండు గోడ దాటింది. నాకు ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ వచ్చేనాటికి రోడ్డు కూడా దాటింది. ఆ మ్యాచ్‌లో మీరేం చేశారని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. నేను పన్నెండోవాణ్ణి. నీళ్ళు మోశాను.

ఫిట్టర్ వినయవంతుడని అనుకోకండి. నేను ఆ కథ చెబుతుంటే పక్కనే కూర్చుని, "గా తర్వాతి బాల్ గూడ చెప్పు తమ్మీ" అని అందించేవాడు.

ఆయన రిటైరైన కొన్నేళ్ళకు కేన్ క్యారియర్ దగ్గరికి ఒక కుర్రాడు సీజన్ కూలీగా వచ్చాడు. బండ్ల నుంచి దించిన చెరకును మిల్లులోకి లాక్కుపోయే గొలుసు పట్టీని క్యారియర్ అంటాం. దాని పక్కన నిలబడి అడ్డం పడిన గడలను సర్దడం అతని పని. ఊరు రెంజల్ దగ్గర. అన్నదమ్ముల పంపకాలు అయ్యాక అతని వంతుకు ఒక మడి మిగిలింది. పెళ్ళయి ఏడాది. సీజన్ ముగిస్తే పని ముగుస్తుంది కాబట్టి మోర్తాడ్ వైపు ఒక ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చి, దుబాయ్ వీసా కోసం చూస్తున్నాడు. ఆదివారాలు మాత్రం టోర్నమెంట్లు ఆడేవాడు. ఎడమచేత్తో వేసేవాడు, కుడిచేత్తో కొట్టేవాడు. చూసినవాళ్ళు, "గిట్లాంటోడు ఫిట్టర్ తర్వాత మల్ల రాలే" అనడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఫిట్టర్ తర్వాత ఎవడూ రాకూడదని నేను ఎప్పుడో తీర్మానించి ఉన్నాను.

కుర్రాడు వచ్చేనాటికి ఉన్న కొత్త మేనేజర్ కోస్తా వైపు మనిషి. క్రికెట్ అంటే ప్రాణం. యార్డులో ఒక పర్మినెంట్ పోస్టు ఖాళీ అయినప్పుడు నన్ను పిలిపించాడు.

"ఏమండీ ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ క్యారియర్ కుర్రాణ్ణి ఆట మీద తీసుకుందామని నాకు ఉంది. పైవాళ్ళు అడిగితే ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. పాత ఫిట్టర్‌ను ఇలాగే తీసుకున్నారట. ఈ అబ్బాయి ఆయన స్థాయివాడేనా? ఇద్దరి ఆటా బాగా తెలిసినవారు మీరే. మీరు ఊఁ అంటే చాలు."

ఊఁ అంటే సరిపోయేది. ఊఁ అనడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ అడిగిన మాటకు అంత తేలిగ్గా జవాబు చెబితే నా మీటరు గౌరవం ఏం కావాలి?

"కాలాలు వేరు సార్. ఒకే నేల మీద పెట్టి చూస్తే గానీ చెప్పలేను" అన్నాను.

అలా, ఇద్దరినీ ఎదురెదురుగా ఆడించే ఆ పిచ్చి పని మొదలైంది. గోదాములో మూలన చుట్టి పడేసిన పాత చాపను బయటికి లాగించాను. ఒక చివర ఎలుకలు కొట్టేశాయి. మేకులు కొట్టడానికి ఫిట్టర్ స్వయంగా వచ్చాడు. రిటైరయ్యాక ఎవరూ పిలవని మనిషిని పిలిచానేమో, ముఖం వెలిగిపోతోంది. పాత కాలం కాబట్టి హెల్మెట్ ఉండకూడదన్నాను. బంతి కొత్తది కాకూడదన్నాను. కెమిస్టు స్కోరు రాయడానికి కుర్చీ వేసుకుంటూ అన్నాడు.

"అన్నీ పాతయే అయితే నువ్వు గూడ బెల్‌బాటమ్ తొడుక్కొని, నీళ్ళ బకెట్ పట్టుకొని రావాలె గదన్నా."

నేను పన్నెండోవాణ్ణన్న సంగతి అతనికి ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం చర్చికి పోయి వచ్చాకే ఆట అన్నాడు ఫిట్టర్. ప్రార్థన ముగించుకుని, తెల్ల ప్యాంటుతోనే, మనుమరాలి చేయి పట్టుకుని వచ్చాడు. ఐదారేళ్ళ పిల్ల. తాత ఆడటం ఎన్నడూ చూడలేదు. గోడ మీద కూర్చోబెట్టాం. యార్డులో పని లేనివాళ్ళంతా చుట్టూ చేరారు. నేను అంపైర్‌ని.

ముందు ఫిట్టర్ బంతి వేశాడు. కుర్రాడు ముందుకు వచ్చి బ్యాటు నిలువుగా పెట్టి ఆపాడు. తర్వాతిదీ ఆపాడు. ఓవర్ తర్వాత ఓవర్ ఆపుతూనే పోయాడు. ఎక్కడో రెండు పరుగులు తీశాడు, అవీ ఇష్టం లేనట్టు. ఓవర్ అయిందని నేను చెప్పినప్పుడల్లా గోడ మీద నుంచి మనుమరాలు చప్పట్లు కొట్టింది. తర్వాత ఫిట్టర్ బ్యాటు పట్టుకున్నాడు. కుర్రాడు నాలుగడుగులు పరుగెత్తి, పొలంలో గింజలు చల్లుతున్నట్టు బంతి వేశాడు. ఫిట్టర్ మూడు ఫోర్లు కొట్టాడు. యార్డంతా ఈలలు.

కెమిస్టు పెన్ను చెవి మీద పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఏదో తేడా కొడ్తున్నదన్నా. పోయిన వారం వీడే వర్ని ఊరి టీమును చింపి ఆరేసిండు."

"చాప మీదనే తెలుస్తది అసలు సరుకు" అన్నాను.

అదే సాయంత్రం మేనేజర్ బంగళాకు పోయి, ఇచ్చిన టీ తాగి, తీర్పు చెప్పాను. "మొదలూ తక్కువే సార్, కొసా తక్కువే. ఆయనలో సగం కూడా కాడు."

"అయితే వద్దంటారు."

"నేను కొలత చెప్పాను సార్. నిర్ణయం మీది."

ఈ వాక్యం మీద నాకు ఇప్పటికీ కోపం. గొడ్డలి దించి, చెట్టు దానంతటదే పడిందన్నట్టు.

మరుసటి రోజు క్యారియర్ దగ్గరికి పోయి కుర్రాడికి నేనే చెప్పాను. పోస్టు వచ్చే ఏడాది చూద్దామన్నారని మెత్తగా చుట్టి చెప్పాను. అతను ఒక గడను కొక్కెంతో లాగి సర్ది, "మంచిది సారు" అన్నాడు. ఇంకో గడ కోసం వంగుతూ, "ఏజెంటుకు ఫోన్ జేస్త మరి" అన్నాడు.

నేను ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి ఫిట్టర్ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అభినందనల కోసం వచ్చాడనుకున్నాను.

"తమ్మీ, గా పోరడు నిన్న నన్నేం జేసిండో నీకు సమజైందా?"

"ఏం చేయలేకపోయిండన్నా. నువ్వు కట్టి పడేసినవ్."

"నేనా? నడుం వంగక మూడు ఫుల్‌టాసులు వేసిన. నా మనుమరాలు గూడ కొడ్తది వాటిని. వీడు బ్యాట్ అడ్డం పెట్టి, దేవునికి దండం పెట్టినట్టు ఆపిండు. మల్ల నాకు బాల్ వేసేటప్పుడు సూసినవా? చేతికి అందిచ్చినట్టే వేసిండు."

"పెద్దవాడివని మర్యాద చేసిండేమో. మంచిదే కదా."

"మర్యాద ఇంట్ల జెయ్యాలె. గ్రౌండ్‌ల జేస్తే అది జాలి." "నిన్న ఇంటికి పోతుంటే పిల్ల అడుగుతున్నది, 'తాతా, గా అన్న నువ్వంటే భయపడ్డడా' అని. అవునని జెప్పిన. నలభై ఏండ్ల సంది నువ్వు నా మీద చెప్పిన అబద్ధాలన్నీ నవ్వుకుంట విన్న తమ్మీ. గిది మాత్రం నా నోటితోని నేనే చెప్పిన."

నేను కూర్చోవడానికి వేరే కుర్చీ లేదు. నిలబడే ఆ ఆదివారాన్ని మళ్ళీ తలుచుకున్నాను. ముందుకు వచ్చిన కాలు, చివరి క్షణంలో సడలిన మణికట్టు. బంతి వేసేముందు గోడ వైపు ఒకసారి చూసిన చూపు. అతను బ్యాటింగ్‌లో ఎంత తగ్గాడో బౌలింగ్‌లోనూ సరిగ్గా అంతే తగ్గాడు. కావాలని రెంటినీ అంత సమానంగా తగ్గించగలవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నా సిద్ధాంతం ప్రకారం అంతకంటే పండిన గడ ఉండదు. దాన్నే నేను పచ్చిదని తిప్పి పంపాను.

ఇద్దరం క్యారియర్ దగ్గరికి పోయాం. గొలుసు చప్పుడులో అరుచుకుంటే తప్ప వినబడదు.

"ఎందుకు కొట్టలేదు?" అని అరిచాను.

కుర్రాడు మా ఇద్దరినీ చూసి తల దించుకున్నాడు. "పెద్దబాపు బాల్‌ను గింతమంది ముంగట ఎట్ల కొట్టాలె సారు? గా పిల్ల సప్పట్లు కొట్టవట్టె."

"నౌకరి పోతదని తెల్వదా?"

"తెలుసు సారు."

ఫిట్టర్ అతని భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. "నన్ను ముసలోన్ని జేస్తివి గదరా. వచ్చే ఆయితారం మల్ల ఆడుదాం. కొట్టకపోతివో, నేను సచ్చినంక గూడ నీతోని మాట్లాడ."

"సచ్చినంక ఎట్లనన్న మాట్లాడవు గద పెద్దబాపు."

"నోరు ముయ్యి."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఫిట్టర్ వచ్చింది కుర్రాడి ఉద్యోగం కోసం కాదు, తన ఇజ్జత్ కోసం. నేను కొలిచింది ఫ్యాక్టరీ కోసం కాదు, నా సిద్ధాంతం కోసం. ఆ వారమంతా మా ఇద్దరిలో అతని పాస్‌పోర్టు గురించి ఎవరం ఒక్క ముక్క ఆలోచించలేదు. మమ్మల్ని గురించి ఆలోచించింది అతనొక్కడే.

మేనేజర్ దగ్గరికి ఒక్కణ్ణే పోయాను. బంగళా దాకా ఆ దారి అంత పొడుగుంటుందని అంతకుముందు తెలియదు.

"సార్, నేను చూసింది నాకు అర్థం కాలేదు. ఆ తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మీరు పండిందని చెప్పిన తోటలు కూడా ఇలాగే చూశారాండీ?"

"తోటలు మర్యాదకు తగ్గి చూపించవు సార్."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఈసారి నేనూ వస్తాను" అన్నాడు.

రెండో ఆదివారం మనుమరాలిని ఇంట్లో వదిలి వస్తాడనుకున్నాం. ఫిట్టర్ ఆ పిల్లను మేనేజర్ కుర్చీ పక్కనే, అందరికంటే ముందు కూర్చోబెట్టాడు. "సూడనియ్యి" అన్నాడు.

మొదటి బంతి కుర్రాడు అలవాటుగా ఆపాడు. ఫిట్టర్ పిచ్ మధ్యదాకా నడిచిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చి రెండోది వేశాడు. ఈసారి చాప మీద పడి నిజంగానే లోపలికి కోసుకుని వచ్చింది. కుర్రాడు ఒక్క అడుగు వెనక్కి వేసి కొట్టాడు. బంతి కాంపౌండు గోడ మీదుగా పోయి రోడ్డుకు అవతల పడింది. ఈసారి నేను కలిపిందేమీ లేదు. అది మా ఎదుటే జరిగింది.

మనుమరాలు తాత ముఖం చూసింది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"సప్పట్లు కొట్టు బిడ్డా" అన్నాడు ఫిట్టర్, రొప్పుతూ. "గసుమంటి షాట్ మల్ల దొరకది."

పిల్ల కొట్టింది. తర్వాత యార్డంతా కొట్టింది. ఫిట్టర్ వేసిన రెండు ఓవర్లలో కుర్రాడు ఆయన్ను ఏ వైపూ వదలకుండా కొట్టాడు. మంచి బంతిని మాత్రం తల వంచి ఆపాడు. ఈసారి అది మర్యాద కాదని, ఆ బంతి అంత మంచిదని ఫిట్టర్‌కు తెలుసు. చెమట కారుతున్న ఆ ముఖంలో నేను ఏళ్ళ తరబడి చూడని సంతోషం చూశాను. నా కథలు వింటున్నప్పుడు ఆయన ముఖం ఎప్పుడూ అలా లేదు.

తర్వాత ఆయన బ్యాటింగ్. కుర్రాడు ఈసారి చాలా దూరం పోయి నిలబడ్డాడు. పరుగు నా పక్కగా గాలిలా వచ్చింది. నా చూపు గీత మీదే ఉంది. కాలు గీతకు జానెడు వెనకే పడింది. ఎదురుగా టక్‌మని చప్పుడు. నడిమి స్టంపు లేచి, రెండు పల్టీలు కొట్టి, చాప అవతల పడింది.

నా కుడిచేయి పక్కకు చాచుకుంది. నోబాల్.

నేను చాచలేదని చెప్పాలని ఉంది. మేనేజర్ బంగళాలో అంత ఒప్పుకుని వచ్చిన మనిషిని, మళ్ళీ అలా ఎలా చేస్తాను? కానీ ఆ చేయి నాదే. బకెట్ మోసిన చేయి. ఆ స్టంపు పడటం చూడలేకపోయింది.

కుర్రాడు నా చేయి చూశాడు. తన కాలు ఎక్కడ పడిందో అతనికి తెలుసు. అయినా బంతి కోసం చేయి చాపాడు. కెమిస్టు పెన్ను ఎత్తి పట్టుకుని, రాయాలా వద్దా అన్నట్టు నా వైపే చూస్తున్నాడు. మేనేజర్ కుర్చీలో ముందుకు వంగాడు.

ఫిట్టర్ పడిపోయిన స్టంపు దగ్గరికి పోయి, దాన్ని చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు.

"తమ్మీ, చెయ్యి దించు."

చేయి చాచే ఉంచాను.

"ఇన్నేండ్లకు మంచి బాల్‌కు అవుటయిన. అది గూడ గుంజుకుంటవా?"

దించాను. బరువైన పని చేసినట్టు భుజం నొప్పి పుట్టింది.

మేనేజర్ లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు చెప్పండి. ఇద్దరిలో ఎవరు?"

"తెలియదు సార్" అన్నాను. ఆ ఉద్యోగంలో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఈ ప్రశ్నకూ ఆ పోస్టుకూ సంబంధం లేదు. రెంటికీ ముడి వేసింది నేనే. పని ఈ అబ్బాయికి ఇవ్వండి."

ఆయన కుర్రాణ్ణి పిలిచాడు. "రేపు ఆఫీసుకు వచ్చి కాయితాలు తీసుకో. ఆ ఏజెంటు దగ్గర నుంచి పాస్‌పోర్టు తెచ్చుకో."

కుర్రాడు ఏదో అనబోయాడు. అంతలో అవతలి నుంచి ఫిట్టర్ కేక వేశాడు. స్టంపు మళ్ళీ పాతేసి, బ్యాటు చాప మీద కొట్టుకుంటూ వంగి నిలబడి ఉన్నాడు.

"గా ముచ్చట్లు తర్వాత వెట్టుకోండ్రి. అరే, ఇంకోటి వెయ్యిరా."

కుర్రాడు నవ్వుతూ బంతి తీసుకుని దూరం నడిచాడు. నేను నా చోటికి పోయి, ఈసారి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.